బొమ్మ బాగుంది, మరి సొరుగు తెరుచుకుంటుందా?

ఇంటీరియర్ డిజైన్ చదువుల మీద ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోడు: కాలేజీలో నేర్పేది ఒకటి, ఆఫీసులో అడిగేది ఇంకొకటి. సిలబస్‌లు మారుతున్న మాట నిజమే. ఎటు మారుతున్నాయి, మారని చోట మీరేం చేసుకోవచ్చు అన్నవి కింది జవాబుల్లో ఉన్నాయి. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాం.

ప్రశ్న: మూడో ఏడాది చదువుతున్నాను. నా రెండర్లు (కంప్యూటర్‌లో చేసిన గది బొమ్మలు) బాగుంటాయని అందరూ అంటారు. ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో మాత్రం వాటిని గబగబా తిప్పేసి, ‘ఒక వార్డ్‌రోబ్ డీటెయిల్ ఉంటే చూపించండి’ అన్నారు. నా దగ్గర లేదు. ఆఫీసులకు అసలు ఏం కావాలి?
— ఒక విద్యార్థిని

జవాబు: మీరు పక్కన లేకపోయినా కార్పెంటర్ చదువుకుని పని మొదలుపెట్టగలిగే కాగితం కావాలి. క్లయింట్‌ను ఒప్పించడంతో రెండర్ పని అయిపోతుంది. ఆ మర్నాటి నుంచి ఆఫీసు నడిచేది వర్కింగ్ డ్రాయింగుల మీదే. కొత్తగా చేరినవాళ్ల చేతికి మొదట వచ్చేవీ అవే.

వాళ్లు అడిగిన వార్డ్‌రోబ్‌నే తీసుకుందాం. లామినేట్‌తో కలిపి బయటి వెడల్పు 900 మి.మీ., రెండు తలుపులు, లోపల ఒక సొరుగు. పక్క పలకలు 18 మి.మీ. ప్లైవుడ్. సొరుగు పెట్టె ఎంత వెడల్పు ఉండాలి? చాలామంది విద్యార్థులు రెండు పలకలకు 36 తీసేసి 864 అంటారు. సొరుగు జారే టెలిస్కోపిక్ ఛానల్‌కు ఒక్కో పక్క 13 చొప్పున 26 తీసేసి 838 దగ్గర ఆగిపోతారు. చూడ్డానికి లెక్క సరిగ్గానే ఉంది. కానీ ప్లైవుడ్‌కు బయట 1 మి.మీ., లోపల 0.8 మి.మీ. లామినేట్ అతుకుతుంది. అంటే పలక మందం 18 కాదు, 19.8. లోపలి వెడల్పు 860.4. అందులో 838 పెట్టె పెడితే ఒక్కో పక్క మిగిలేది 11.2 మి.మీ. ఛానల్‌కు 12.7 కావాలి. సొరుగు సగం దాకా వచ్చి బిగుసుకుంటుంది. బలవంతంగా బిగిస్తే ఛానల్ వంగి కొన్నాళ్లకు బేరింగులు రాలతాయి.

కథ అక్కడితో అయిపోలేదు. ఈ సొరుగు తలుపుల వెనక ఉంది. తలుపు తెరిచినా దాని మందం కొంత దారికి అడ్డంగానే నిలబడుతుంది, హింజ్ ఇంకాస్త లోపలికి పొడుచుకొస్తుంది. సొరుగు లాగితే వెళ్లి దానికి తగులుతుంది. అందుకే లోపల రెండు పక్కలా ఒక్కో ప్యాకింగ్ పలక వేసి, ఛానల్‌ను దాని మీద బిగిస్తారు. ప్యాకింగ్ కూడా 19.8 అనుకుంటే మరో 39.6 పోయి, పెట్టె 794 మి.మీ.కి దిగుతుంది. 838 ఎక్కడ, 794 ఎక్కడ! ఈ 44 మి.మీ. తేడా రెండర్‌లో ఎవరి కంటికీ ఆనదు. సైట్‌లో మాత్రం సొరుగు విప్పి మళ్లీ చేయాల్సిందే.

తలుపు సంగతీ అంతే. 2,100 మి.మీ. ఎత్తున్న తలుపుకు రెండు హింజ్‌లు గీస్తే కుదరదు, నాలుగైనా కావాలి. ఆ నాలుగింటిలో ఏదీ సొరుగు ఎత్తులో పడకూడదు. తలుపుకు ఒక వైపే లామినేట్ వేసి రెండో వైపు వదిలేస్తే, చెమ్మ వదిలేసిన వైపు నుంచే లోపలికి చేరి పలక విల్లులా వంగుతుంది. ‘రెండు వైపులా’ అన్న రెండు ముక్కలు డ్రాయింగ్‌లో లేకపోతే ఆ తప్పు కార్పెంటర్‌ది కాదు, గీసినవాళ్లది.

ఇప్పుడు మీరు చేయగలిగింది ఒకటుంది. మీ రెండర్లలో అన్నిటికన్నా నచ్చిన ఒక్క గదిని ఎంచుకోండి. దానికి ఫర్నిచర్ ప్లాన్, ఫ్లోరింగ్ ప్లాన్, రిఫ్లెక్టెడ్ సీలింగ్ ప్లాన్ (పైకప్పు ప్లాన్), ఎలక్ట్రికల్ లేఅవుట్, నాలుగు గోడల ఎలివేషన్లు (ఎదురుగా నిలబడితే కనబడే రూపాలు), కనీసం రెండు ఫర్నిచర్ డీటెయిల్స్ గీయండి. డీటెయిల్స్ 1:10లో, కీలకమైన అతుకులు 1:2లో. చివర మెటీరియల్, హార్డ్‌వేర్ షెడ్యూల్ (జాబితా). మొత్తం పది షీట్ల లోపే అవుతుంది. గీశాక మీ సబ్జెక్టుతో సంబంధం లేని స్నేహితుడి చేతికి ఇచ్చి, ‘ఇది ఎలా చేయాలో నువ్వు నాకు చెప్పు’ అనండి. అతను ఆగి మిమ్మల్ని అడిగిన ప్రతి చోటా డ్రాయింగ్‌లో ఒక కొలతో, ఒక మాటో తక్కువైందన్న మాట.

ఒకప్పుడు వర్కింగ్ డ్రాయింగ్స్ అంటే ఒక సెమిస్టర్ సబ్జెక్టు. ఎవరో గీసిన ప్లాన్‌ను మళ్లీ గీయించేవాళ్లు. ఇప్పుడు మంచి కోర్సుల్లో స్టూడియోలో (డిజైన్ ప్రాజెక్టులు చేసే క్లాసులో) మీరు చేసిన డిజైన్‌నే చివరి స్క్రూ దాకా తీసుకెళ్లమంటున్నారు. మాకు తెలిసి ఈ చదువుల్లో వచ్చిన అతి పెద్ద మార్పు ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

ప్రశ్న: ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే ఉద్యోగం వస్తుంది? ఆటోక్యాడ్, స్కెచ్‌అప్ వచ్చు. రెవిట్ తప్పనిసరా?
— డిప్లొమా విద్యార్థి

జవాబు: ఇళ్లు, చిన్న దుకాణాల పనులు చేసే ఆఫీసుల్లో మీకు వచ్చిన రెండూ సరిపోతాయి. ఆసుపత్రులు, హోటళ్లు, పెద్ద కార్యాలయాల పనులు చేసేచోట ఆర్కిటెక్టులు, ఏసీ, విద్యుత్ ఇంజినీర్లు బీఐఎం మోడల్‌లో (భవనం వివరాలన్నీ ఉండే ఉమ్మడి త్రీడీ మోడల్‌లో) పనిచేస్తుంటారు. మీరూ అందులోకి దిగాలి కాబట్టి అలాంటి మోడల్ కట్టే సాఫ్ట్‌వేర్ అయిన రెవిట్ అడుగుతారు. అటువైపు వెళ్లాలనుంటే నేర్చుకోండి.

అయితే సాఫ్ట్‌వేర్ పేరు కన్నా ఫైలు క్రమశిక్షణ ముఖ్యం. కొత్తవాళ్లు గీసిన క్యాడ్ ఫైలు తెరిస్తే సాధారణంగా కనబడేవి ఇవి: అన్ని గీతలూ విడివిడి పొరల్లో కాకుండా జీరో లేయర్‌లోనే ఉండటం, కొలత అసలు పొడవును కాకుండా చేత్తో టైప్ చేసిన అంకెను చూపించడం, మిల్లీమీటర్లలో ఉన్న ఫైల్లోకి అంగుళాల్లో ఉన్న సోఫా బ్లాక్‌ను (ముందే గీసి ఉంచిన బొమ్మను) తెచ్చి 25.4 రెట్లు పెద్దదో చిన్నదో చేసుకోవడం, ఎక్స్‌రెఫ్‌గా (బయటి నుంచి లింకు చేసి) కలిపిన ఫైలును పంపడం మరిచిపోవడం. వీటిలో రెండోది అన్నిటికన్నా ప్రమాదం. గోడను 50 మి.మీ. జరిపినా పాత అంకె అలాగే కూర్చుని ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు.

రెవిట్‌లో తప్పులు వేరే రకం. నెట్‌లో దొరికిన భారీ ఫర్నిచర్ ఫ్యామిలీలు (సిద్ధంగా ఉన్న వస్తువుల మోడళ్లు) దింపుకుని మోడల్‌ను కదలనివ్వకుండా చేసుకుంటారు. కుర్చీ కుట్టు కూడా కనబడే మోడల్ లేఅవుట్ దశలో ఎవరికీ అక్కర్లేదు. మోడల్‌లో ఎంత వివరం ఉండాలో చెప్పే ఎల్‌ఓడీ అనే కొలమానం అందుకే ఉంది: 200 అంటే వస్తువు సుమారు పరిమాణం, 300 అంటే కచ్చితమైన పరిమాణం, స్థానం. ఏ దశలో ఎంత వివరం చాలో తెలుసుకోవడమే సగం విద్య. కొన్ని కోర్సులు సాఫ్ట్‌వేర్‌ను విడి సబ్జెక్టుగా తీసేసి స్టూడియోలోనే కలిపేశాయి. మంచి పని చేశాయి. మెనూలో ఏ బటన్ ఎక్కడుందో పరీక్ష పెట్టడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

ప్రశ్న: ఏఐ నిమిషంలో పది ఇంటీరియర్ బొమ్మలు ఇచ్చేస్తోంది. మా అమ్మాయిని నాలుగేళ్ల డిగ్రీలో చేర్చడం దండగేమో అనిపిస్తోంది.
— ఒక తండ్రి

జవాబు: ఈ చదువంటే బొమ్మలు తయారుచేయడమే అయితే మీ భయం న్యాయమైనదే. రెండరింగ్ ఒక్కటే నేర్పే చిన్న కోర్సులకు కష్టకాలం వచ్చిన మాటా నిజం. డిగ్రీ సంగతి అలా కాదు.

ఏఐ ఇచ్చిన గది బొమ్మను ప్లాన్ పక్కన పెట్టి చూడండి. కిటికీ పక్క గోడకు వెళ్లిపోయి ఉంటుంది. మధ్యలో ఉండాల్సిన పిల్లర్ మాయమవుతుంది. తలుపు తెరిస్తే మంచానికి తగులుతుంది. నాలుగు మీటర్ల పొడవున్న అరకు కింద ఒక్క ఆధారం ఉండదు. ఏసీ గాలి ఎక్కడి నుంచి వస్తుందో, స్విచ్ ఎక్కడుందో దానికి పట్టదు. అది గదిని కొలిచి గీయదు, గది ఎలా కనబడితే నమ్ముతామో అలా గీస్తుంది.

కాలేజీల్లో వస్తున్న మార్పు కూడా ఇక్కడే. ఏఐని నిషేధించడం కుదరదని చాలాచోట్ల తేలిపోయింది. దాంతో మార్కులు చివరి బొమ్మ నుంచి అక్కడికి చేరిన దారి వైపు జరుగుతున్నాయి: ఏ స్కెచ్ నుంచి ఏది వచ్చింది, ఏ ప్రత్యామ్నాయాన్ని ఎందుకు వదిలేశారు, ఏఐ ఇచ్చినదాంట్లో ఏం దిద్దారు. ఆఫీసుల్లో పని చేసే పద్ధతి కూడా తెలిసి ఉండాలి. ఒట్టి మాటలతో బొమ్మ అడగరు. ముందు కొలతలతో మోడల్ కట్టి, దాని గీతల చిత్రాన్ని ఆధారంగా ఇచ్చి, రంగులు, మెటీరియళ్లు, వెలుతురు మాత్రమే మార్చమంటారు. అప్పుడు కిటికీ తన చోటే ఉంటుంది. ఆ బొమ్మ మీద ‘ఊహాచిత్రం మాత్రమే’ అని రాయడం కూడా నేర్పాలి. లేకపోతే అందులో కనబడిన పాలరాయి గీతలే తనకు కావాలని క్లయింట్ పట్టుబడితే తెచ్చివ్వగలిగేవాళ్లు ఉండరు.

అమ్మాయికి వస్తువులు ఎలా తయారవుతాయన్న కుతూహలం ఉంటే చేర్చండి. బొమ్మలు వేయడం మాత్రమే ఇష్టమైతే ఇలస్ట్రేషన్, గేమ్ డిజైన్ వంటివి కూడా చూడండి.

ప్రశ్న: ఇంటర్న్‌షిప్‌లో మొదటి రోజే సైట్ కొలతలు తీసుకురమ్మని పంపారు. తెచ్చాను, కానీ సగం పనికిరావన్నారు. కొలతలు తీయడానికి పద్ధతి ఏమిటి?
— నాలుగో ఏడాది విద్యార్థి

జవాబు: చాలా కోర్సుల్లో గదులు ముందే గీసి ఇస్తారు కాబట్టి ఈ పని ఎవరికీ రాదు. గీసిచ్చిన గదుల్లో మూలలన్నీ 90 డిగ్రీలే. కట్టిన గదుల్లో అలా ఉండవు.

గదిలోకి వెళ్లగానే టేప్ తీయకండి. ముందు గదిని చేత్తో పెద్దగా ఒక పేజీ నిండా గీసుకోండి, మూలలకు ఎ, బి, సి, డి అని పేర్లు పెట్టండి. కొలతలు ఎప్పుడూ తలుపు పక్క నుంచి మొదలుపెట్టి గడియారం ముల్లు తిరిగే వైపే తీయండి. క్రమం తప్పితే ఏదో ఒక గోడ మిగిలిపోతుంది. ప్రతి గోడనూ ఒకే మూల నుంచి వరసగా కలుపుకుంటూ కొలవండి: మూల నుంచి కిటికీ మొదలు 850, కిటికీ చివర 2,050, గోడ చివర 3,000, ఇలా. ముక్కలు ముక్కలుగా కొలిచి కూడితే ఒక్కో ముక్కలో వచ్చిన రెండేసి మిల్లీమీటర్ల తప్పు కూడా కూడుతుంది.

ఆ తర్వాత కర్ణాలు. 4,000, 3,000 మి.మీ. గది సరైన మూలమట్టంలో ఉంటే కర్ణం 5,000 రావాలి. 5,020 వచ్చిందనుకోండి, ఆ కర్ణానికి ఎదురుగా ఉన్న మూల దాదాపు అర డిగ్రీ తెరుచుకున్నట్టు. అర డిగ్రీయే కదా అనిపిస్తుంది. ఆ మూలలో 600 మి.మీ. లోతున్న కౌంటర్ పెడితే ఒక చివర 5 మి.మీ. సందు కనబడుతుంది. కొలత తెలిస్తే దాన్ని టైల్ కిందో ఫిల్లర్ వెనకో కప్పేలా ముందే గీస్తారు. తెలియకపోతే చివర్లో సిలికాన్ పూసి సర్దుతారు, ఆ మరక జన్మంతా కనబడుతుంది.

రెండు గోడల మధ్య బిగించే అల్మారా కోసమైతే వెడల్పును కింద, మధ్యలో, పైన మూడు చోట్ల, ముందూ వెనకా కొలవండి. అన్నిటికన్నా తక్కువ వచ్చినదే మీ కొలత. మీరు కొలిచింది ప్లాస్టర్ ముందా తర్వాతా అన్నది తప్పకుండా రాయండి. సగం పనికిరావన్నది బహుశా ఇందుకే అయి ఉంటుంది. ఫ్లోరింగ్ ఇంకా పడకపోతే ఎత్తులన్నీ రేపటి నేల నుంచి లెక్క కట్టాలి. అందుకే సైట్‌లో గోడల మీద పూర్తయ్యే నేలకు 1 మీటరు ఎత్తున మట్టం గీత కొడతారు. అది ఉంటే ఎత్తులన్నీ ఆ గీత నుంచే తీయండి. లేకపోతే కొట్టించమని అడగండి, అడగడంలో తప్పులేదు.

లేజర్ మీటర్ చేతిలో ఉన్నా బీమ్ కింది ఎత్తు, బీమ్ వెడల్పు, కిటికీ అడుగు ఎత్తు, స్విచ్ పెట్టెలు, నీటి పాయింట్లు, నేల వాటం, ఏసీ డ్రెయిన్ ఎటు పోతుందన్నది మరవద్దు. ఒక్కో గోడను నిటారుగా ఎదురుగా నిలబడి ఫొటో తీసి, ఫొటోకు గోడ పేరు పెట్టండి. వెళ్లేముందు తలెత్తి పైకప్పు వైపు ఒకసారి చూడండి. మరిచిపోయినవి ఎక్కువగా అక్కడే ఉంటాయి.

ప్రశ్న: నేను ఈ సబ్జెక్టు బోధిస్తాను. మా స్టూడియో ప్రాజెక్టులు వాస్తవానికి దగ్గరగా లేవని పూర్వ విద్యార్థులే చెబుతున్నారు. సిలబస్ మొత్తం మార్చే అధికారం నాకు లేదు. ఉన్నదాంట్లోనే ఏం చేయొచ్చు?
— ఒక అధ్యాపకురాలు

జవాబు: సిలబస్‌ను ముట్టుకోకుండానే బ్రీఫ్‌ను (విద్యార్థులకు ఇచ్చే ప్రాజెక్టు వివరాలను) మార్చొచ్చు, మేడమ్. సెమిస్టర్‌కు మూడు ప్రాజెక్టులుంటే రెండింటికి తగ్గించండి. రెండో దాన్ని చివరిదాకా తీసుకెళ్లండి. చిన్న గది చాలు, 30 చదరపు మీటర్లు దాటనక్కర్లేదు.

ఆరో వారంలో బ్రీఫ్ మార్చేయండి. నిజమైన పనుల్లో జరిగేదీ అదే: ఇద్దరు కూర్చునే చోట నలుగురు కావాలంటారు, లేకపోతే గోడలోంచి ఒక పైపు బయటపడుతుంది. మార్పును రాతపూర్వకంగా ఇవ్వండి, దాని వల్ల ఏయే షీట్లు మారాయో విద్యార్థులతో ఒక రివిజన్ పట్టిక రాయించండి. మొదటిసారి ప్లాన్ మారుస్తారు, సీలింగ్ ప్లాన్ మార్చడం మరిచిపోతారు. దానికి మార్కులు కోయండి, రెండోసారి మరవరు.

ఇంజినీరు పాత్రను మీరే పోషించండి. విద్యార్థి సీలింగ్‌ను 2,600 దగ్గర గీసి అందంగా కోవ్ లైట్ (సీలింగ్ అంచులో దాచే దీపం) పెట్టాడనుకోండి. మీరు సెక్షన్ (గదిని నిలువుగా కోసినట్టు చూపే డ్రాయింగ్) అడగండి. స్లాబ్ అడుగు 2,900, బీమ్ లోతు 400, అంటే బీమ్ అడుగు 2,500. దాని కింద నుంచి ఇన్సులేషన్‌తో కలిపి 250 ఏసీ డక్ట్, మధ్య 25 ఖాళీ. డక్ట్ అడుగు 2,225. సీలింగ్ ఫ్రేమ్, బోర్డు కలిపి 60. మిగిలింది 2,165. గదిలో చెయ్యెత్తితే తగులుతుంది! అప్పుడు అసలు డిజైన్ మొదలవుతుంది. డక్ట్‌ను వెడల్పు చేసి లోతు తగ్గించాలా, బీమ్‌కు సమాంతరంగా తిప్పాలా, ఒక పక్కన మాత్రమే సీలింగ్ దించి మిగతా గదిని ఎత్తుగా వదలాలా? ఈ ఒక్క సెక్షన్ నేర్పేంత ఒక సెమిస్టర్ లెక్చర్లు నేర్పవు.

ఇంకొకటి, డ్రాయింగులు మార్పిడి చేయించండి. ఒకరి డీటెయిల్ చూసి ఇంకొకరు 1:1లో ఒక అతుకు, ఒక సొరుగు, లేదా అర మీటరు కౌంటర్ అంచు చేయాలి. గీసినవాళ్లు నోరు విప్పకూడదు. దీనికి కనీసం మూడు వారాలు ఉంచండి. వారంలో అయిపోతుందనుకుంటే చివరికి అందరూ బయట చేయించి తెస్తారు. వర్క్‌షాప్‌లో రంపం, రూటర్ దగ్గర శిక్షణ పొందిన మనిషి లేకుండా మాత్రం మొదలుపెట్టొద్దు.

విద్యార్థుల పనిని అంచనా వేసే జ్యూరీకి ఆర్కిటెక్టులనే కాకుండా ఒక కాంట్రాక్టరునో, ఫర్నిచర్ తయారుచేసేవాళ్లనో పిలవండి. వాళ్లు కాన్సెప్ట్ గురించి మాట్లాడరు, ‘ఈ గాజు పలక మెట్లమీంచి పైకి ఎలా తెస్తారు?’ అంటారు. పరిశ్రమతో అనుబంధం పేరుతో ఏడాదికో అతిథి ఉపన్యాసం పెట్టడం కన్నా ఇది వెయ్యి రెట్లు మేలు.

ఒక హెచ్చరిక. ఈ దారిలో మరీ దూరం వెళ్లి కాన్సెప్ట్, చరిత్ర, మనుషుల ప్రవర్తన చదవడం పక్కన పెడితే, మీ దగ్గర తయారయ్యేది డ్రాఫ్ట్స్‌మెన్ మాత్రమే. ఎందుకు గీస్తున్నామో తెలియని చేతికి ఎలా గీయాలో మాత్రమే తెలిస్తే, ఆ పని నాలుగేళ్లలో సాఫ్ట్‌వేరే చేసిపెడుతుంది.

ప్రశ్న: డిగ్రీనా, ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సా? విదేశాల్లో పనిచేయాలని కూడా ఉంది. కోర్సు మంచిదో కాదో చేరకముందే ఎలా తెలుస్తుంది?
— ఇంటర్ పూర్తిచేసిన విద్యార్థి

జవాబు: ఆర్కిటెక్చరో, సివిలో, ఫర్నిచర్ పనో ముందే తెలిసినవాళ్లకు ఆరు నెలల కోర్సు పనికొస్తుంది. ఏమీ తెలియకుండా చేరితే సాఫ్ట్‌వేర్ వస్తుంది, డిజైన్ రాదు.

విదేశాల మాట అడిగారు కాబట్టి ఒక కొలబద్ద. అమెరికా, కెనడాల్లో ఈ వృత్తికి గుర్తింపుగా చూసే పరీక్ష ఎన్‌సీఐడీక్యూ. మూడు భాగాలుగా ఉంటుంది. డిగ్రీ చేసినవాళ్లు చదువుతో పాటు 3,520 గంటల పని అనుభవం కూడా చూపించాలి. అంటే దాదాపు రెండేళ్లు. అక్కడ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ సీఐడీఏ. 1970లో ఫైడర్ పేరుతో మొదలై 2006లో ఈ పేరుకు మారింది. మీరు ఎక్కడ చదివినా ఆ పరీక్షలో అడిగే విషయాలను మీ కోర్సు సిలబస్ పక్కన పెట్టి చూడండి: భద్రతా నియమాలు, అగ్నిప్రమాదంలో బయటపడే దారులు, కాంట్రాక్టు పత్రాలు, స్పెసిఫికేషన్లు, ప్రాజెక్టు సమన్వయం. వీటిలో సగమైనా లేని కోర్సును వదిలేయొచ్చు.

చేరేముందు కాలేజీకి వెళ్లి చివరి ఏడాది విద్యార్థి పూర్తి డ్రాయింగ్ సెట్ ఒకటి చూపించమనండి. గోడకు తగిలించిన పోస్టర్లు కాదు, సెట్. మెటీరియల్ లైబ్రరీలో శాంపిళ్ల మీద మందం, తయారీ వివరాలు ఉన్నాయా, దుమ్ముపట్టి ఉన్నాయా చూడండి. ఇంటర్న్‌షిప్ ఎన్ని వారాలు, దాన్ని ఎవరు అంచనా వేస్తారు, ఉత్తరం తెస్తే మార్కులు వేసేస్తారా అని అడగండి. బోధించేవాళ్లలో ఇప్పటికీ బయట పనిచేసేవాళ్లు ఎందరున్నారో కూడా.

ప్రశ్న: లెక్కలంటే భయం. ఈ కోర్సుకు లెక్కలు కావాలా?

జవాబు: కూడికలు, తీసివేతలు, శాతాలు, వైశాల్యాలు. అంతే, కానీ రోజూ కావాలి. ఒక నమూనా చూడండి. 4, 5 మీటర్ల గది, 20 చదరపు మీటర్లు. 300 లక్స్ వెలుతురు, అంటే చదరపు మీటరుకు 300 ల్యూమెన్ల కాంతి కావాలంటే బల్ల ఎత్తుకు చేరాల్సింది 6,000 ల్యూమెన్లు. దీపాల నుంచి వచ్చినదంతా అక్కడికి చేరదు, గోడలు కొంత తాగుతాయి. ఆ వాటా 0.6 అనుకుందాం. దుమ్ము, వయసు వల్ల తగ్గేదానికి 0.8. 6,000ను 0.48తో భాగిస్తే 12,500. ఒక్కో దీపం 1,000 ల్యూమెన్లయితే 13 దీపాలు. అదే గదికి ముదురు రంగు గోడలు వేస్తే 0.6 ఇంకా పడిపోతుంది, దీపాలు పెరుగుతాయి. రంగు మార్చినప్పుడు లైటింగ్ లెక్క మళ్లీ చేయాలని గుర్తుండేది ఇలా చేత్తో ఒకసారి చేసినవాళ్లకే.

ప్రశ్న: పర్యావరణం, అందరికీ అనువైన డిజైన్ అని రెండు థియరీ పేపర్లు పెట్టారు. నిర్వచనాలు బట్టీపట్టి రాస్తున్నాం. బయట వీటి అవసరం ఉందా?
— ఒక విద్యార్థి

జవాబు: ఉంది, కానీ నిర్వచనాలకు కాదు. ‘పర్యావరణహితమైన బోర్డు’ అని స్పెసిఫికేషన్‌లో రాస్తే దాని అర్థం ఏమీ లేదు, ఎవరైనా ఏదైనా తెచ్చేస్తారు. ఫార్మాల్డిహైడ్ విడుదల ఇ1 తరగతి అని రాస్తే దానికి ఒక హద్దుంది: యూరోపియన్ ఛాంబర్ పరీక్షలో ఘనపు మీటరు గాలికి 0.124 మిల్లీగ్రాములు మించకూడదు. సరఫరా చేసేవాళ్లను సర్టిఫికెట్ అడగొచ్చు. చూడాల్సిన ఇంకో సంగతి, అంచులు మూయకుండా వదిలేసిన ఇ1 బోర్డు కూడా మూసినదాని కన్నా ఎక్కువ వాయువు వదులుతుంది. అందుకే కంటికి కనబడని వెనక అంచులకు కూడా ఎడ్జ్ బ్యాండ్ (అంచును మూసే పట్టీ) రాయాలి. అలాగే జిగురుతో అతికించిన ప్యానెల్ విప్పితే చెత్తకుప్పకే, స్క్రూతోనో క్లిప్‌తోనో బిగించినది ఇంకో చోట వాడుకోవచ్చు.

అందరికీ అనువైన డిజైన్‌లో కూడా అంతే. చక్రాల కుర్చీ తిరగడానికి 1,500 మి.మీ. వృత్తం కావాలని అందరూ రాస్తారు. ఆ వృత్తంలోకే బాత్రూమ్ తలుపు తెరుచుకునేలా గీస్తారు! 900 మి.మీ. తలుపు గీసి 900 దారి వచ్చిందనుకోవడం మరో పొరపాటు. 90 డిగ్రీలు తెరిచి నిలబెట్టిన తలుపు మందం, చట్రం అంచు తీసేస్తే మిగిలేది దాదాపు 850. ఈ రెండు పేపర్లనూ మీ స్టూడియో ప్రాజెక్టు మీదే రాయనివ్వమని అధ్యాపకులను అడిగి చూడండి. చాలామంది కాదనరు.

ప్రశ్న: ఇంత సాఫ్ట్‌వేర్ వచ్చాక చేత్తో స్కెచింగ్ ఇంకా ఎందుకు నేర్పుతున్నారు?

జవాబు: సైట్‌లో కార్పెంటర్ ముందు ల్యాప్‌టాప్ తెరిచేలోపు అతను ప్లై ముక్క మీద తనకు తోచింది గీసేస్తాడు కాబట్టి. మీరు అందమైన పర్‌స్పెక్టివ్‌లు వేయనక్కర్లేదు. ఒక అతుకును ఐసోమెట్రిక్‌లో (మూడు వైపులూ కనబడేలా), ఒక సెక్షన్‌ను కొలతలతో, రెండు నిమిషాల్లో గీయగలిగితే చాలు. గీశాక తారీఖు వేసి ఫొటో తీసుకోండి, ఆ సాయంత్రమే అసలు డ్రాయింగ్‌లో దిద్దండి. గోడ మీద పెన్సిల్‌తో గీసిన డీటెయిల్ రంగు పడగానే పోతుంది.